కోరానికి అయిదో మనిషి

తొంభైల మధ్యలో బందరులో మాకొక చిన్న సంఘం ఉండేది. పేదింటి ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పడం దాని పని. ఒక పాత డాబా ఇంట్లో ముందు భాగం అద్దెకు తీసుకుని, మిషన్లు వేసి, నేర్పడానికి ఒక టీచరును పెట్టాం. సంఘాన్ని నడిపే కమిటీలో ఏడుగురం. ఎవరికీ జీతం లేదు. నెలకోసారి సాయంత్రం పూట ఆ ఇంటి వరండాలో చేరి, మిరపకాయ బజ్జీలు తింటూ, కిందటి నెల ఏం చేశామో, వచ్చే నెల ఏం చెయ్యాలో మాట్లాడుకునేవాళ్ళం. ఊరికి కొత్తగా ఎవరైనా అధికారి వస్తే పిలిచి, పని నేర్చుకున్నవాళ్ళకు ఆయన చేతుల మీదుగా సర్టిఫికెట్లు ఇప్పించేవాళ్ళం. ఫొటో తీయించుకునేవాళ్ళం. అంతకు మించిన కష్టం మా కమిటీకి ఎప్పుడూ రాలేదు.

అధ్యక్షుడు రిటైరైన హెడ్మాస్టరు, మా నాన్నకు స్నేహితుడు. నేను అప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరును. "నీకు మనుషులతో మాట్లాడటం వచ్చు, దస్తూరీ బావుంటుంది, సెక్రటరీగా ఉండమ్మా" అని ఆయనే నన్ను లాక్కొచ్చారు. ఉపాధ్యక్షురాలు ఒక ప్లీడరు గారి భార్య. ఊళ్ళో అందరూ ప్లీడరమ్మ గారనేవాళ్ళు. కోశాధికారి ఒక మందుల షాపు యజమాని. పెడనలో కలంకారీ అద్దకం పని చేసే ఒకాయన ఉండేవారు. మిగిలిన ఇద్దరూ వ్యాపారస్తులు. వస్తే వచ్చేవాళ్ళు, లేకపోతే లేదు.

మాస్టారికి రూల్సంటే ప్రాణం. కమిటీలో అయిదుగురు హాజరైతేనే మీటింగు చెల్లుతుందని మా నియమావళిలో ఉంది. దాన్ని కోరం అంటారు. నలుగురమే వచ్చిన రోజున ఆయన బజ్జీలు తిననిచ్చేవారు గానీ ఒక్క తీర్మానం కూడా రాయనిచ్చేవారు కాదు.

ఆ అమ్మాయి ఒక వానాకాలంలో వాళ్ళమ్మ వెంట వచ్చింది. వాళ్ళది హంసలదీవి దగ్గర, సముద్రంలో వేటకు వెళ్ళేవాళ్ళ పల్లె. గుడివాడలో ఒక లారీ డ్రైవరుకిచ్చి పెళ్ళి చేశారు. అతను చాలాకాలం జ్వరాలతో చిక్కి చిక్కి చనిపోయాడు. పిల్లలు లేరు. అత్తవారు ఇక్కడ ఉండొద్దని పంపేశారు. తల్లి మాకు చెప్పింది అంతవరకే. "ఏదో ఒక పని చేతికొస్తే దాని బతుకు అది బతుకుద్దండి" అంది. చిలకలపూడిలో పిన్ని ఇల్లుంది, అక్కడ ఉంటుందని చెప్పింది. చేర్చుకున్నాం.

ఆమె గలగలా మాట్లాడేది. జాకెట్టు కత్తిరించడం తొందరగానే పట్టుకుంది గానీ, కాజాలు మాత్రం ఎన్ని రోజులకీ వంకరే. టీచరు తిడితే, "బొత్తాం పెడితే కాజా ఎవరికీ కనపడదు కదండి" అనేది. అందరూ నవ్వేవాళ్ళు.

కొన్నాళ్ళకు గుడివాడ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒకావిడ ఆమెను మా సెంటర్లో చూసి గుర్తుపట్టింది. ఆ మర్నాడు నేను మధ్యాహ్నం డ్యూటీ దిగి అటు వెళ్ళేసరికి, నేర్చుకునేవాళ్ళంతా ఎండలో, పెరట్లో నిలబడి ఉన్నారు. లోపల ఒక్క మిషను చప్పుడవుతోంది.

"ఏంటిలా బయటున్నారు?" అన్నాను.

టీచరు నన్ను పక్కకు తీసుకెళ్ళింది. "దాని మొగుడు పోయింది ఎయిడ్స్‌తోనంటండి. దీనికీ ఉందంట. లోపలికి రామంటున్నారు వీళ్ళు. నాకూ భయంగానే ఉందండి."

నేను గుమ్మం దాకా వెళ్ళాను. ఆ అమ్మాయి ఒక్కతే మిషను తొక్కుతోంది. సూది కింద గుడ్డ లేదు. ఉత్తదే తొక్కుతోంది. తలెత్తకుండానే, "నిజమేనండి. విజయవాడలో పరీక్ష చేయించారు. చెబితే చేర్చుకోరని చెప్పలేదు" అంది.

ఆ జబ్బు గురించి అప్పటికి మాకు తెలిసింది తక్కువ. గోడల మీద రాసిన నాలుగు మాటలు, రేడియోలో వచ్చే ప్రకటనలు. లారీలవాళ్ళకు వస్తుందనీ, వస్తే పోవడమేననీ తెలుసు. మాకు తెలిసినవాళ్ళకు వస్తుందని అనుకోలేదు.

రెండు రోజుల్లో అత్యవసర మీటింగు పెట్టాం. చాలాకాలానికి ఏడుగురమూ వచ్చాం. బజ్జీలు తెప్పించాలని ఎవరికీ తోచలేదు.

"మనది కుట్టు సెంటరు మాస్టారూ, ఆస్పత్రి కాదు" అన్నారు ప్లీడరమ్మ గారు. "ఆ పిల్ల మీద జాలి లేక కాదు నేననేది. ఒకరి వేలికి గుచ్చుకున్న సూది ఇంకొకరికి గుచ్చుకుందనుకోండి. రేపు ఎవరు జవాబు చెప్తారు?"

"ఎవరి సూదులు వాళ్ళకే ఇద్దామండి" అన్నారు మందుల షాపాయన. "ముట్టుకుంటే రాదు, పక్కన కూర్చుంటే రాదు. డాక్టర్లు చెప్తున్న మాటే ఇది."

"చెప్పే డాక్టర్లు ముట్టుకుంటున్నారా?"

ప్లీడరమ్మ గారి మాటకు వ్యాపారస్తులిద్దరూ తలూపారు.

మాస్టారు ఆ అమ్మాయిని పిలిపించారు. ఆమె వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"నీకేం కావాలో నువ్వు చెప్పమ్మా" అన్నారు.

"మిషను కావాలండి."

"మిగతా వాళ్ళు మానేస్తే?"

"ఒక్కదాన్నే కుట్టుకుంటానండి."

చేతులెత్తమన్నారు మాస్టారు. నలుగురం ఉంచాలన్నాం, ముగ్గురు వద్దన్నారు. ప్లీడరమ్మ గారు అక్కడికక్కడే రాజీనామా రాసి మాస్టారి చేతిలో పెట్టారు. కోపంగా కాదు. వెళ్తూ, "నాకు చిన్నపిల్లలున్నారండీ, ఏమీ అనుకోకండి" అన్నారు. వ్యాపారస్తులిద్దరూ రాజీనామాలు ఇవ్వలేదు, ఇక రావడమే మానేశారు. టీచరు మానేసింది. నేర్చుకునేవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. కొద్దిరోజులకు ఇంటాయన వచ్చి, మా అబ్బాయి కాపురం పెడుతున్నాడు, ఇల్లు కావాలి అన్నాడు. ఆయన కొడుకు తొమ్మిదో తరగతి చదువుతున్నాడని మాకు తెలుసు. మాస్టారు, అలాగేనండి, ఖాళీ చేస్తాం అన్నారు. మిషన్లను రిక్షాల్లో వేసుకుని మందుల షాపు వెనక గోడౌనుకు చేర్చాం. అట్టపెట్టెల మధ్య ఒక్క మిషనుకే చోటు దొరికింది. మిగతావాటికి దుప్పట్లు కప్పాం.

సంఘం అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఆ అమ్మాయి గోడౌన్లో కూర్చుని లంగాలు కుడుతోందని ఎలా తెలిసిందో గానీ, అదే జబ్బున్నవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలైంది. షాపుకు మందులకని వచ్చి, జనం పలచబడేదాకా ఒక పక్కన నిలబడి, లోపలికి రావచ్చా అని అడిగేవాళ్ళు. పెడన నుంచి ఒక చేనేత ఇంటి కోడలు, నందివాడ నుంచి ఒక కౌలు రైతు, పామర్రులో టీ కొట్టు నడిపే భార్యాభర్తలు. కుట్టు నేర్చుకోవడానికి కాదు. ఊరికే కూర్చోవడానికి. వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళ పక్కన కూర్చునేవాళ్ళు లేరు.

మా కమిటీలో మిగిలిన నలుగురం మెల్లగా వేరే మనుషులమయ్యాం. అంతకుముందు మా పని కుర్చీల్లో కూర్చోవడం, చప్పట్లు కొట్టడం. ఇప్పుడు మాస్టారు సైకిలు మీద ఇళ్ళకు తిరిగి ఎవరు లేచారో, ఎవరు లేవలేదో చూసి వచ్చేవారు. షాపాయన తెలిసిన డాక్టర్లను బతిమాలి జ్వరాలకు, నోటి పూతకు మందులు రాయించి పంపేవారు. పెడన ఆయన అద్దకం రంగులు అంటిన చేతులతోనే రోగుల్ని బస్సెక్కించి విజయవాడ ఆస్పత్రికి తీసుకెళ్ళేవారు. ఆడవాళ్ళ ఇళ్ళకు నేను వెళ్ళేదాన్ని. ఎవరూ మాకు నేర్పలేదు. ఏది అవసరమైతే అది చేశాం.

మాస్టారికి మాత్రం ఒకటే బాధ. "మనం చేస్తున్న పని మన నియమావళిలో లేదు. మార్చాలంటే తీర్మానం కావాలి. తీర్మానానికి కోరం లేదు" అనేవారు. "ఇప్పుడెవరు చూస్తున్నారండీ?" అంటే, "చూడకపోతే మాత్రం?" అనేవారు. చివరికి సర్వసభ్య సమావేశం పిలిచి కొత్తవాళ్ళను కమిటీలోకి తీసుకోవచ్చని దారి కనిపెట్టారు. ఊళ్ళో చాలామందిని అడిగారు. అందరూ మర్యాదగా తప్పించుకున్నారు. ఒకరోజు గోడౌనుకు వచ్చి ఆ అమ్మాయి ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు.

"అమ్మా, నువ్వు మా కమిటీలో ఉంటావా?"

ఆమె మిషను ఆపింది. "నేనా? ఏం చెయ్యాలండి?"

"మీటింగుకు రావాలి. నీకేమనిపిస్తే అది చెప్పాలి. సంతకం పెట్టాలి."

"నేను చచ్చిపోతే మళ్ళీ మీ కోరం పోద్ది కదండి మాస్టారూ?"

షాపాయన మొహం తిప్పుకున్నారు. మాస్టారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "నాకు డెబ్బై దాటాయమ్మా. ఎవరి వంతు ముందో చూద్దాం" అన్నారు.

అలా ఆమె అయిదో మనిషి అయింది. మొదటి మీటింగుకు ఇస్త్రీ చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. ఎజెండా చదువుతుంటే మధ్యలో, "ఇదంతా సరేగానండి, నందివాడ ఆయన నాలుగు రోజుల నుంచి రాలేదు, ఎవరన్నా వెళ్ళారా?" అని అడిగింది. ఎవరం వెళ్ళలేదు. ఆ తర్వాత మా మీటింగులు మొదలయ్యేదే ఆ ప్రశ్నతో.

నందివాడ ఆయనే మాకు మొదటి చావు. మాస్టారు, పెడన ఆయన, షాపాయన వెళ్ళి పాడె మోశారు. నాలుగో భుజానికి ఆయన తమ్ముడు చివరి నిమిషంలో వచ్చాడు. నేను ఆయన భార్య పక్కన కూర్చుని ఆమెకంటే ఎక్కువ ఏడ్చాను. బస్సులో కూడా ఏడుస్తూనే ఉన్నాను. కండక్టరు టికెట్టు అడగడానికి మొహమాటపడ్డాడు.

తర్వాత పామర్రు టీ కొట్టు ఆయన. ఆ తర్వాత ఆయన భార్య. ఆ తర్వాత పెడన చేనేత ఇంటి కోడలు. ఏడవడం ఎప్పుడు ఆగిపోయిందో నాకు గుర్తులేదు. ఆగిందని కూడా ఆలస్యంగా తెలిసింది. ఒకావిడ చనిపోతే ఒంటికి నీళ్ళు పోయడానికి ఇంట్లోవాళ్ళు ముందుకు రాలేదు. నేనే చేతులకు తొడుగులు వేసుకుని నీళ్ళు పోసి, చీర కట్టి, తల దువ్వాను. చిక్కుపడిన జుట్టు. ఓపిగ్గా విడదీశాను. ఆ పని చేస్తున్నంతసేపూ, రైతుబజారులో టమాటాలు ఇంకా ఉంటాయో ఉండవో అని ఆలోచిస్తున్నాను. బయటికొచ్చి కాళ్ళు కడుక్కుని బజారుకు వెళ్ళాను. టమాటాలు ఉన్నాయి.

ఇంట్లో మా అత్తగారు మొదట్లో గొడవ పెట్టారు. తర్వాత, పెరటి వైపు నుంచి వచ్చి స్నానం చేసి లోపలికి రా అన్నారు. అలాగే చేసేదాన్ని. నా కంచం, గ్లాసు విడిగా పెట్టారు. అందులోనే తినేదాన్ని. మరొకప్పుడైతే పుట్టింటికి వెళ్ళి నెల రోజులు కూర్చునేదాన్ని. అప్పుడు ఏమీ అనిపించలేదు. కంచం కంచమే.

ఎక్స్ఛేంజీలో కూడా అంతే. అప్పటికి ట్రంకు కాల్స్ తగ్గిపోయి నన్ను ఫిర్యాదుల సీటులో వేశారు. ఫోను పనిచెయ్యడం లేదని జనం తిట్టేవాళ్ళు. "కంప్లైంటు రాసుకున్నామండి" అనేదాన్ని. ఇంట్లో మా ఆయన ఏదైనా చెప్తే, ఒకోసారి అదే గొంతుతో "సరేనండి" అనేదాన్నట. "ఇంట్లో కూడా ఆఫీసులో మాట్లాడినట్టే మాట్లాడుతున్నావు" అన్నారు ఒకసారి. నాకు తేడా తెలియలేదు.

మా చెల్లెలి పెళ్ళి గుడివాడలో జరిగింది. అప్పగింతలప్పుడు మా అమ్మ, పిన్నులు, చెల్లెలు అందరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. చెల్లెలు వచ్చి నా భుజం మీద తల పెట్టింది. దాని వీపు నిమురుతూ, మంటపం అరటి పిలకలు ఎవరు విప్పుతున్నారా అని చూస్తూ నిలబడ్డాను. మా అమ్మ తర్వాత, "నీకు దాని మీద అంత ప్రేమ లేదా?" అని అడిగింది. ఉంది. ఎక్కడో ఉందని తెలుసు. కాలికి తిమ్మిరెక్కినప్పుడు కాలు ఉన్న సంగతి చూస్తేనే తెలిసినట్టు.

మాస్టారు చలికాలంలో పోయారు. ఆ జబ్బూ కాదు, ఇంకే జబ్బూ కాదు. పొద్దున కాఫీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారు. వార్త షాపాయన ఫోను చేసి చెప్పారు. "రాసుకున్నామండి" అనలేదు గానీ, గొంతు మాత్రం అదే. శవం ఉంచిన వరండాలో ఊళ్ళోవాళ్ళు, పాత విద్యార్థులు కిక్కిరిసి ఉన్నారు. మా దగ్గరకొచ్చే రోగులు గేటు బయట, రోడ్డుకు అవతల గోడ వారగా నిలబడ్డారు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, రావద్దనీ అనలేదు. ఆ అమ్మాయి ఒక్కతే జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఆయన కాళ్ళు పట్టుకుని, "నా వంతు కాదా మాస్టారూ ముందు?" అని గట్టిగా ఏడ్చింది. దగ్గు వచ్చి ఏడుపు ఆగిపోయింది. అప్పుడు చూశాను, ఆమె భుజం ఎముకలు జాకెట్టులో నుంచి పొడుచుకొస్తున్నాయి.

ప్లీడరమ్మ గారు కూడా వచ్చారు. నా పక్కన నిలబడి, "మీటింగులు ఇంకా జరుగుతున్నాయా?" అని అడిగారు.

"జరిగేవండి. ఇకమీద కోరం ఉండదు."

"నా రాజీనామా ఏం చేశారు?"

"మాస్టారు ఏ మీటింగులోనూ పెట్టనివ్వలేదండి. తర్వాత చూద్దాం, తర్వాత చూద్దాం అనేవారు."

ఆవిడ మాస్టారి కాళ్ళ దగ్గర దండ పెట్టి వచ్చారు. తర్వాత చెప్పారు. "మా కారు డ్రైవరు పోయాడమ్మా, ఈ జబ్బుతోనే. పదేళ్ళు మా పిల్లల్ని బడికి దింపాడు. వాడి భార్య సాయానికొస్తే గేటు దగ్గరే మాట్లాడి పంపేశాను." వారం తిరక్కుండా గోడౌనుకు వచ్చి, కుర్చీ లేక ఒక అట్టపెట్టె మీద కూర్చున్నారు.

ఈలోగా ఆ అమ్మాయికి క్షయ బయటపడి, మంచం పట్టి, తల్లి దగ్గరకు హంసలదీవి వెళ్ళిపోయింది. అదే సమయంలో షాపాయనకు ఒక కబురు తెలిసింది. ఈ జబ్బును తొక్కిపెట్టే మందుల్ని గుంటూరు పెద్దాసుపత్రిలో ప్రభుత్వం ఊరికే ఇవ్వబోతోంది. అంతకుముందు అవి కొనడం మా వాళ్ళలో ఎవరివల్లా అయ్యేది కాదు. మనుషుల్ని ప్రతి నెలా అక్కడికి తీసుకెళ్ళి తీసుకురావాలి. అంటే సంఘం ఉండాలి. ఉండాలంటే అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి, నియమావళిని మళ్ళీ మార్చి ఈ పనినీ చేర్చాలి. ప్లీడరమ్మ గారితో కలిపి మేం నలుగురం ఉన్నాం. అయిదో మనిషి హంసలదీవిలో మంచం మీద ఉంది.

"అయితే మీటింగే అక్కడ పెడదాం" అన్నారు ప్లీడరమ్మ గారు.

ఆవిడ కారులోనే వెళ్ళాం. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు. దారి పొడుగునా కోతలైన చేలు. పెడన ఆయన ముందు సీట్లో నిద్రపోయారు. ఆమెను చూసి రెండు నెలలైంది. నా సంచిలో మీటింగు కాగితాలతోపాటు ఒక కొత్త చీర కూడా పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో నాకు స్పష్టంగా తెలుసు. ఎవరో ఒకరు పట్టుకెళ్ళాల్సిందే కదా అనుకున్నాను. అది అనుకోవడానికి నాకేమీ కష్టం కాలేదు.

చివర్లో ఇసుకలో కారు కూరుకుపోతుందని దిగి నడిచాం. తల్లి పాక ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. మమ్మల్ని చూసి, చేతులు చీరకు తుడుచుకుని, పీటలు వెతికింది. నులక మంచం మీద ఆ అమ్మాయి పలచటి దుప్పటి కింద ఉందా లేదా అన్నట్టుంది. కళ్ళు మాత్రం అవే.

"అందరూ వచ్చేశారేంటండి?" అంది. "నేను పోయానని ఎవరన్నా చెప్పారా?"

"మీటింగు కోసం వచ్చామమ్మా" అన్నారు షాపాయన.

"ఇక్కడా?"

"నువ్వు రాలేవు కదా. మేమే వచ్చాం."

మంచం పక్కన చాప పరిచి కూర్చున్నాం. ప్లీడరమ్మ గారు పట్టుచీర మడిచి ఇసుక మీదే కూర్చున్నారు. నేను ఎజెండా చదివాను. నియమావళి మార్పుకు అందరూ సరేనన్నారు. తర్వాతది అధ్యక్ష పదవి. ఎప్పుడూ మీటింగులో నోరు విప్పని పెడన ఆయన, "ఈ అమ్మాయినే పెడదామండి" అన్నారు.

ఆమె నవ్వబోయింది. దగ్గు వచ్చింది. తల్లి నీళ్ళు పట్టింది. తేరుకున్నాక, "ప్రెసిడెంటు పడుకుని ఉండొచ్చాండి?" అని అడిగింది.

"కూర్చోవాలని రూల్సులో ఎక్కడా లేదు" అన్నారు ప్లీడరమ్మ గారు. "నేను బలపరుస్తున్నాను. రాసుకోండి సెక్రటరీ గారూ."

రాసుకున్నాను. ఆమె పడుకునే సంతకం పెట్టింది. తల్లికి ఏమీ అర్థం కాలేదు. "దీనికేమైనా ఉజ్జోగమా అండి?" అని నన్ను అడిగింది. ఔనన్నాను. సంచిలో ఉన్న చీరను తిరిగి తెచ్చేశాను.

ముందు క్షయ తగ్గాలన్నారు డాక్టర్లు. అవనిగడ్డలో ఆ మందులు వాడింది. తర్వాత గుంటూరు తీసుకెళ్ళాం. ఆస్పత్రి వరండాల్లో గంటల కొద్దీ కూర్చున్నాం, పరీక్షలన్నీ అయ్యాయి, మాత్రలు మొదలుపెట్టారు. మొదటి నెలలో వాంతులు, ఒళ్ళంతా దద్దుర్లు. "పిచ్చి కలలు వస్తున్నాయండి. సముద్రం మీద ఆర్టీసీ బస్సు నడిచిపోతోంది, నేనే కండక్టర్ని" అని చెప్పింది. ఇవన్నీ చివరి మాటలేమో అన్నట్టు వింటున్నాను. నా లెక్కలో ఆమె ఎప్పుడో పోయింది. పోయినవాళ్ళతో ఎంత మెల్లగా మాట్లాడతామో అంత మెల్లగా మాట్లాడేదాన్ని.

ఆమె పోలేదు. వేసవి వెళ్ళేసరికి లేచి కూర్చుంది. వానలకు నడిచింది. ఒకరోజు నేను సీటులో ఉండగా ఎక్స్ఛేంజీ గుమ్మంలో ఎవరో లావుపాటి మనిషి నిలబడి నవ్వుతోంది. పోల్చుకోవడానికి కొంతసేపు పట్టింది. బుగ్గలు వచ్చాయి. "బస్సెక్కి ఒక్కదాన్నే వచ్చానండి!" అంది.

"మంచిది. కూర్చో" అన్నాను.

ఆమె నవ్వు కొద్దిగా తగ్గింది. "ఏంటండీ, బతికొస్తే ఒక్క మాటన్నా అనరా?"

సంతోషపడాలని నాకు తెలుసు. లోపల వెతుక్కున్నాను. ఏమీ దొరకలేదు. "ఏమనాలో తెలియడం లేదు" అన్నాను. అది నిజం.

ఆమె నా మొహంలోకి చూసింది. "సర్లెండి. ఏమీ అనకండి" అని, పక్కన ఉన్న స్టూలు మీద కూర్చుంది. నేను ఫిర్యాదులు రాసుకుంటున్నంతసేపూ అక్కడే కూర్చుని, బస్సు టైమయ్యాక వెళ్ళిపోయింది.

అధ్యక్షురాలిగా ఆమె కఠినంగా ఉండేది. ప్రతి నెలా గుంటూరు వెళ్ళేవాళ్ళ వెంట ఎవరో ఒకరు ఉండాల్సిందేనని పట్టుబట్టింది. వంతులు వేసింది. ప్లీడరమ్మ గారికి కూడా వంతు వేసింది. ఆవిడ మొదటిసారి ఇంటి నుంచి నీళ్ళ సీసా తెచ్చుకున్నారు, తర్వాత మానేశారు. చావులు పూర్తిగా ఆగలేదు గానీ, రెండు చావుల మధ్య కాలం పెరిగింది. జబ్బున్నవాళ్ళలోంచి ఇంకో ఇద్దరు కమిటీలోకి వచ్చారు. కోరం గురించి మాట్లాడుకోవడం మర్చిపోయాం.

ఒక మీటింగుకు నేను ఆలస్యంగా వెళ్ళాను. ఆ రోజు సీటులో నా తర్వాత రావాల్సిన ఆవిడ రాలేదు. గోడౌన్లోకి అడుగుపెట్టగానే, ఆ అమ్మాయి అందరి ముందూ, "సెక్రటరీ గారూ, నోటీసిచ్చేదీ మీరే, ఆలస్యంగా వచ్చేదీ మీరే. వీళ్ళు నందివాడ నుంచి రెండు బస్సులు మారి వచ్చి కూర్చున్నారు" అంది.

"డ్యూటీ అయి వచ్చాను" అన్నాను.

"డ్యూటీ అందరికీ ఉంటదండి."

నేను కూర్చుని మీటింగు వివరాలు రాశాను. అక్షరాలు వంకరగా వస్తున్నాయి. మీటింగు అవగానే ఎవరితోనూ చెప్పకుండా లేచి నడక మొదలుపెట్టాను. మొన్నమొన్నటిదాకా లేవలేని మనిషి, గుంటూరు దాకా నేను చెయ్యి పట్టుకుని నడిపించిన మనిషి, కాజా కుట్టడం రాని మనిషి, నలుగురిలో నన్నింత మాటంటుందా అనుకుంటూ నడుస్తున్నాను. చెవులు వేడెక్కాయి. రిక్షా వాడు ఎక్కుతారా అని అడిగితే వాడి మీద కూడా అరిచాను. కోనేరు సెంటరు దాటి, మా వీధి మలుపు తిరిగేటప్పుడు నాకు తట్టింది, నాకు కోపం వచ్చిందని. చాలా ఏళ్ళ తర్వాత. ఒక అరుగు మీద కాసేపు కూర్చున్నాను.

ఇంటికెళ్ళి మా ఆయన ముందు ఆమె మీద చాడీలు మొదలుపెట్టాను. చెంగు దోపుకుని, చేతులు తిప్పుతూ, ఆమె గొంతును అనుకరిస్తూ చెప్పాను. మా అత్తగారు కూడా వచ్చి గుమ్మంలో నిలబడి విన్నారు. మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఊఁ, తర్వాత ఏమంది?" అన్నారు.

చెప్పాను. వడ్డించిన అన్నం చల్లారిపోతున్నా చెప్తూనే ఉన్నాను.